తుపాకి దించిన తరువాత
(యుద్ధ కథల్లో మనసు బరువు, యాది, నిజం)

యుద్ధం అనగానే మనలో చాలామందికి మొదట తోచేవి గుర్రాలు, ఫిరంగులు, జయజయధ్వానాలు. పరీక్షలో ప్రశ్న వస్తే కారణాలు, సంఘటనలు, ఫలితాలు అని మూడు శీర్షికలు పెట్టి, నాలుగు తేదీలు రాసి, కాగితం మడిచి ఇచ్చేస్తాం. కాని యుద్ధంలో నిలబడ్డ మనిషికి ఆ మూడు శీర్షికల్లో ఎక్కడా చోటు దొరకదు. ఆ మనిషి ఏం మోశాడు, ఏం చూశాడు, ఇంటికొచ్చి ఏం చెప్పాడు, ఏం చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు అనేది చరిత్ర పుస్తకం సాధారణంగా పట్టించుకోని విషయం. అందుకోసమే మనం కథలనూ నవలలనూ ఆశ్రయిస్తాం.

అయితే కథ అన్నది కల్పన కదా, కల్పనలో నిజం వెతకటమేమిటని ఎవరైనా అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి ఫ్రాన్సు, వియత్నాం దాకా పోయిరావచ్చు; పోయివద్దాం కూడా. కాని చివరికి మనం నిలవాల్సింది మన ఇంటి ముంగిటనే. మన తెలంగాణలోనే ఒక యుద్ధం జరిగింది. దాన్ని గురించి మన నవలలు మనకు వీరుణ్ణి ఇచ్చాయి. ఆ వీరుడి, ఆ వీరవనిత లోపలి బరువును నిండుగా మన ముందుంచింది మాత్రం, దాదాపు నలభై ఏళ్ళ తరువాత, ఆడవాళ్ళ యాది. అలా ఎందుకు జరిగింది, అందులో నిజం ఏ వైపు ఉంది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మన పెద్దలకు తెలియని సంగతా?

యుద్ధం ముగిశాక మనిషి ఏమవుతాడన్న ప్రశ్న పడమటి దేశాల రచయితలు కనిపెట్టింది కాదు. మహాభారతం పద్దెనిమిది రోజుల యుద్ధంతో ఆగిపోలేదు. ఆ తరువాత స్త్రీపర్వం ఉంది, శాంతిపర్వం ఉంది. గెలిచిన ధర్మరాజు సింహాసనం వైపు కాక అడవి వైపు చూస్తాడు. తర్పణాలు వదిలేవేళ కుంతి నోరు విప్పి కర్ణుడు మీ అన్న అని చెప్పేదాకా, తాము చంపించింది తోడబుట్టినవాణ్ణని ఆయనకు తెలియదు. యుద్ధంలో తెలియని నిజం, యుద్ధం అయిపోయాక తెలిస్తే ఎంత బరువో అక్కడ చూడవచ్చు. తిక్కన చేతిలో ఆ దుఃఖం అచ్చమైన తెలుగు దుఃఖమైంది.

ఇంకొకటి కూడా ఉంది. ద్రోణుణ్ణి పడగొట్టడానికి ధర్మరాజు ఒక మాటను పైకీ, దాని మిగతా సగాన్ని లోలోపలా అన్నాడు. చచ్చింది ఏనుగు, విన్న తండ్రికి చచ్చింది కొడుకు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేల మీద దిగబడిందంటారు. యుద్ధం మొదట చంపేది నిజాన్నే అని ఉపన్యాసాల్లో తరచు వింటాం. ఆ మాటను ఇంత చిన్న బొమ్మలో చూపిన కథ మరొకటి అరుదు. రథం విరగలేదు, గుర్రాలు చావలేదు, గెలుపు ఆగలేదు. నాలుగంగుళాలు దిగింది, అంతే. ఆ నాలుగంగుళాలే ఆధునిక యుద్ధ కథకు వస్తువు.

సెలవు మీద ఇంటికొచ్చిన కుర్రవాడు

జర్మన్ రచయిత ఎరిక్ మరియా రిమార్క్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు, 1917లో గాయపడ్డాడు. ఆయన నవల ‘ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ 1929లో పుస్తకంగా వచ్చింది. నాలుగేళ్ళకే, 1933లో, నాజీలు దాన్ని వీధుల్లో తగలబెట్టారు. ఒక నవలను చూసి ఒక ప్రభుత్వం అంతగా ఉలిక్కిపడిందంటే అందులో తుపాకుల కంటే ప్రమాదకరమైనదేదో ఉండి ఉండాలి.

అందులో పాల్ అనే కుర్రవాడు సెలవు మీద ఇంటికి వస్తాడు. తండ్రికి యుద్ధ విశేషాలు కావాలి, పదిమందిలో చెప్పుకోవడానికి. ఊరి పెద్దమనుషులు ఏ దారిన దాడి చేస్తే గెలుస్తామో వీడికే పాఠం చెబుతారు. తల్లి ఒక్కతే మెల్లగా, అక్కడ మరీ కష్టంగా ఉందా నాయనా అని అడుగుతుంది. లేదమ్మా, మేమంతా కలిసే ఉంటాం కదా అని అబద్ధమాడతాడు. తరువాత చనిపోయిన మిత్రుడి తల్లి దగ్గరికి పోవలసివస్తుంది. మిత్రుడు కాలు తీసేసిన తరువాత ఆసుపత్రిలో బాధపడి బాధపడి పోయాడు. ఆ తల్లికి మాత్రం, మీవాడు క్షణంలో పోయాడు, నొప్పి తెలియలేదు అని ఒట్టు వేసి మరీ చెబుతాడు.

ఇక్కడ అబద్ధం ఎవరిది? పాల్ నోటిది. నిజం ఎవరిది? రిమార్క్ కలానిది. పాత్ర తల్లికి చెప్పలేని మాటను రచయిత లోకానికి చెప్పాడు. యుద్ధ కథ చేసే పని ఏమిటో ఈ ఒక్క ఘట్టం నుంచి గ్రహించవచ్చు.

అమెరికా రచయిత హెమింగ్‌వే 1925లో ప్రచురించిన ‘సోల్జర్స్ హోమ్’ కథలో క్రెబ్స్ అనేవాడి బాధ మరో రకం. వాడు అందరికంటే ఆలస్యంగా ఊరికి చేరతాడు. అప్పటికే ఊరివాళ్ళు చెవులు దిబ్బెళ్ళు పడేలా యుద్ధ కథలు విని ఉన్నారు. ఉన్నదున్నట్టు చెబితే ఎవరికీ ఎక్కదు. వినిపించుకోవాలంటే నాలుగు కోతలు కొయ్యాలి. కోశాడు. తరువాత వాడికి వాడి యుద్ధం మీదనే రోత పుట్టింది. ఒకప్పుడు తలచుకుంటే ధైర్యాన్నిచ్చిన క్షణాలు కూడా అబద్ధం తగిలి చెడిపోయాయి. వినేవాళ్ళ చెవులు ఎలాంటివైతే చెప్పేవాడి జ్ఞాపకం అలా వంగుతుందన్న సత్యాన్ని ఇంత క్లుప్తంగా చెప్పిన కథలు తక్కువ.

వియత్నాంలో పనిచేసి వచ్చిన టిమ్ ఓబ్రయన్ 1990లో ‘ది థింగ్స్ దే కారీడ్’ అనే పుస్తకం తెచ్చాడు. మొదటి కథలో ఒక్కొక్క సైనికుడు ఏమేమి మోసుకుపోయాడో తూకాలతో సహా జాబితా ఇస్తాడు. తుపాకి ఇంత, తూటాలు ఇంత, డబ్బా తిండి ఇంత, ఒక యువ అధికారి ప్రేమించిన అమ్మాయి రాసిన ఉత్తరాలు ఇంత. చదువుతూ పోతుండగా జాబితాలోకి భయం వస్తుంది, సిగ్గు వస్తుంది, చచ్చిపోయిన మిత్రుడు వస్తాడు. వాటికి తూకం లేదు. ఆ పుస్తకంలో కథ చెప్పే మనిషి పేరు కూడా టిమ్ ఓబ్రయనే. అయినా అది కల్పన అని ఆయనే చెబుతాడు. జరిగినదాన్ని జరిగినట్టు చెబితే వినేవాడికి ఏమీ తగలకపోవచ్చు, తగిలేలా చెప్పాలంటే జరగనిదాన్ని కూడా కల్పించుకోవలసి రావచ్చు అన్నది ఆయన వాదం. ఈ వాదం ఎంత ఆకర్షణీయమో అంత ప్రమాదకరమైనది. ఆ ప్రమాదం సంగతి తరువాత చూద్దాం.

మన యుద్ధం

ఇక మన గడప దగ్గరికి వద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 25 లక్షలమంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇటలీ యుద్ధరంగంలో చిక్కుకున్న తెలుగు సైనికుణ్ణి నాయకుడిగా పెట్టి 2015లో ‘కంచె’ సినిమా వస్తే మనకు కొత్తగా తోచిందంటే, అంతకుముందు ఆ మనుషుల్ని మనం ఎంత తక్కువగా తలచుకున్నామో అర్థమవుతుంది. కాని తెలుగు నేల మీదనే, తెలుగు రైతులే సైనికులై చేసిన యుద్ధం తెలంగాణ సాయుధ పోరాటం.

తేదీలు అందరికీ తెలిసినవే అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ఒరిగాడు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపు వచ్చింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. దళాలు మాత్రం తుపాకులు దించలేదు. ఆ తరువాత మూడేళ్ళు పోరు అదే భారత సైన్యంతో సాగింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేలమంది ప్రాణాలిచ్చారు, పదివేలమంది జైళ్ళలో మగ్గారు.

ఈ పోరాటానికి ప్రధాన క్షేత్రాలు నల్లగొండ, ఖమ్మంతో కలిసి ఉన్న అప్పటి వరంగల్ జిల్లాలు. మన సదాశివనగర్, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు అప్పుడు నిజామాబాద్ జిల్లాలోనివి. ఇక్కడ దళాల యుద్ధం ఆ స్థాయిలో నడవలేదు. కాని ఆ కాలపు చెరసాల మాత్రం మన పక్కనే ఉంది. 1948లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాద్ ఖిల్లా జైలులో ఖైదీలు. దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసింది అక్కడే. ఇవాళ మనం బస్సెక్కితే గంటా గంటంబావులో చేరే చోటు అది. ఆళ్వారుస్వామి తన జైలు అనుభవాల నుంచి ‘జైలు లోపల’ అనే కథల సంపుటి తెచ్చారు. ఉద్యమ ఖైదీగా లోపలికి పోయిన మనిషి, తోటి మామూలు ఖైదీల బతుకుల్ని, వాళ్ళు జైలుకు చేరిన దారుల్ని కథలుగా రాశాడు. తన బరువు మోస్తూ పక్కవాడి బరువు చూసిన రచన అది.

నవలల్లో వీరుడు

పోరాటం సాగుతుండగానే నవలలు వచ్చాయి. బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ 1947 నాటిది. అదే కాలంలో సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకం ఊరూరా ఆడింది. ఉర్దూలో కృషన్ చందర్ ‘జబ్ ఖేత్ జాగే’ రాశాడు. దాని ఆధారంగానే గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణంలో ‘మా భూమి’ సినిమా తయారైంది. ఆ తరువాత దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో పోరాటానికి ముందు, పోరాటంలో, ఆ తరువాత తెలంగాణ పల్లెను చిత్రించారు. రంగాచార్య స్వయంగా ఆ పోరాటంలో ఉన్నవారు.

ఈ సాహిత్యాన్ని చదివితే గడీ అంటే ఏమిటో, వెట్టి అంటే ఏమిటో, ఒక ఊరు తలెత్తడమంటే ఏమిటో తెలుస్తుంది. అది చిన్న సంగతి కాదు. కాని తుపాకి పట్టినవాడు ఒంటరిగా ఉన్నప్పుడు ఏం ఆలోచించాడని అడిగితే వీటిలో ఎక్కువచోట్ల జవాబు పొడిపొడిగానే ఉంటుంది. వీరుడికి భయం వేయదు. వేసినా వాక్యం చివర పోతుంది. ఏడిస్తే అమరుడి కోసం ఏడుస్తాడు, వెంటనే పిడికిలి బిగిస్తాడు.

దీన్ని రచయితల లోపమని కొట్టిపారేయడం తొందరపాటవుతుంది. ఇల్లు తగలబడుతుంటే నీళ్ళు మోసేవాణ్ణి పట్టుకొని నీ భుజం నొప్పి ఎలా ఉందని ఎవరూ అడగరు. పోరాటం మధ్య పుట్టిన నవల పోరాటానికి పనిముట్టు. దాన్ని చదివిన కుర్రవాడు మరునాడు దళంలో చేరాలి. చదివి ఇంట్లో కూచోగూడదు. అలాంటి పుస్తకంలో బిడ్డను వదిలివచ్చిన తల్లి రాత్రిపూట ఏమనుకుందో రాస్తే ఎవరికి లాభమని ఆనాడు అనుకొని ఉండవచ్చు. ‘జబ్ ఖేత్ జాగే’ ఇందుకు కొంత భిన్నం. ఉరికంబం ఎక్కబోయే ముందు రాత్రి, జైలు గదిలో, రాఘవరావు అనే యువకుడు తన బతుకంతా యాది చేసుకోవడమే ఆ నవల నడక. యుద్ధాన్ని జ్ఞాపకంలోంచి చూపాలని కృషన్ చందర్‌కు తోచింది. అయితే ఉదయానికి ఉరి. ఉరి తీయబోయేవాడికి యుద్ధం తరువాతి బతుకు లేదు. చావకుండా మిగిలినవాళ్ళ సంగతేమిటి?

మిగిలినవాళ్ళ యాది

ఈ ప్రశ్నను సూటిగా అడిగినవారు హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు. వారు టేపురికార్డరు పట్టుకొని, పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ పోయి, వాళ్ళ మాటల్ని వాళ్ళ యాసలోనే రాసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం వెలువరించారు. ఇంగ్లీషులో అది 1989లో వచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, దూడల సాలమ్మ, కొండపల్లి కోటేశ్వరమ్మ మొదలైనవారు అందులో తమ బతుకు తామే చెప్పుకున్నారు. ఇది కల్పన కాదు. అయినా యుద్ధ కథ చేయవలసిన పని మన దగ్గర ఎక్కువగా ఈ పుస్తకమే చేసింది.

ఇందులో కనిపించే బరువుల్ని కొంచెం విడదీసి చూద్దాం.

మొదటిది బిడ్డ బరువు. దళంతోపాటు అడవిలో ఉండగా పుట్టిన పసిగుడ్డును కమలమ్మ పరాయి చేతుల్లో పెట్టాల్సివచ్చింది. చంటిపిల్ల ఏడుపు దళం మొత్తం ప్రాణానికి ముప్పు తెస్తుందన్నది యుద్ధనీతి. నీతి అర్థమవుతుంది, కాని తల్లి చేతులు ఖాళీ అవడం నీతితో తీరేది కాదు. ఓబ్రయన్ సైనికులు మోసినవాటికి తూకం రాశాడు. ఇక్కడ మోయకుండా దించేసినదే జీవితాంతం బరువైంది.

రెండోది తిరిగి వచ్చాక పడిన బరువు. మల్లు స్వరాజ్యం పదహారు పదిహేడేళ్ళకే దళానికి నాయకురాలు. ఆమె తల మీద పదివేల రూపాయల వెల. 1951లో తుపాకులు దించాక ఆమెలాంటి స్త్రీలకు ఎదురైన ప్రశ్న, ఇప్పుడేం చేయాలి అని. మగవాళ్ళలో కొందరికి పార్టీ పని, ఎన్నికలు, పదవులు ఉన్నాయి. స్త్రీలలో చాలామందికి దొరికిన జవాబు, ఇంటికి పోయి సంసారం చూసుకొమ్మని. తుపాకి పట్టిన చెయ్యి మళ్ళీ గరిటె పట్టడం కష్టమేమీ కాదు. కాని మధ్యలో గడిచిన కాలం అసలు జరగనట్టే అందరూ నడుచుకుంటే, ఆ కాలాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? క్రెబ్స్‌కు వినేవాళ్ళు కోతలు కోరారు. వీళ్ళను చాలాకాలం అడిగినవాళ్ళే తక్కువ.

మూడోది ఒంటరితనపు బరువు. కొండపల్లి కోటేశ్వరమ్మ పిల్లల్ని తల్లి దగ్గర వదిలి అజ్ఞాతంలో తిరిగారు. తరువాత భర్త దూరమయ్యారు. ఆమె మళ్ళీ చదువుకొని, హాస్టల్లో ఉద్యోగం చేసి తన కాళ్ళమీద తాను నిలబడ్డారు. కొడుకునూ కూతురునూ పోగొట్టుకున్నారు. తొంభై దాటాక, 2012లో, ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదానికి జ్ఞాపకాన్ని పదునైన కత్తితో పోల్చే పేరు పెట్టారు. కత్తి అన్నది ఊరికే అలంకారం కాదు. అన్నేళ్ళు అది ఒరలో ఉంది, మోసింది ఆమె.

ఈ స్త్రీలలో చాలామంది ఆ రోజుల్ని తిట్టలేదు. తమ బతుకులో వెలుగున్న కాలం అదేనన్నట్టు మాట్లాడారు. ఆ సంతోషమూ నిజం, ఆ గాయమూ నిజం. రెంటినీ ఒకే గొంతులో వినగలగడమే ఈ పుస్తకం గొప్పతనం. పోరాటం మంచిదా చెడ్డదా అని ముందే తేల్చుకొని చదివేవాడికి ఇది ఇబ్బంది పెట్టే పుస్తకం.

యాది తప్పితే నిజం తప్పినట్టేనా?

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. నలభై ఏళ్ళ తరువాత చెప్పిన మాటల్లో తప్పులుండవా? ఉంటాయి. తేదీలు కలగలుస్తాయి, ఇద్దరు మనుషులు ఒకరవుతారు, విన్నది చూసినట్టు తోస్తుంది. మరి దాన్ని చరిత్ర అనవచ్చా?

ఇటలీలో టెర్నీ అనే ఉక్కు పట్టణం ఉంది. 1949 మార్చి 17న అక్కడ జరిగిన ఒక నిరసనలో లుయీజీ త్రాస్తుల్లీ అనే యువ కార్మికుడు పోలీసుల చేతిలో చనిపోయాడు. నిరసన నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగింది. చాలా ఏళ్ళ తరువాత అలెస్సాండ్రో పోర్తెల్లి అనే పరిశోధకుడు అక్కడి ముసలి కార్మికుల్ని అడిగితే, చాలామంది ఆ చావు 1953లో, ఫ్యాక్టరీ నుంచి వేలమందిని తీసేసినప్పుడు జరిగిందని చెప్పారు. కాగితం చూస్తే తప్పే. కాని పోర్తెల్లి ఆ తప్పును చెరిపేయకుండా దానికి కారణం వెతికాడు. 1949లో తోటివాడు చనిపోతే ఏమీ చేయలేకపోయామన్న అవమానం వాళ్ళను తినేసింది. 1953లో వాళ్ళు వీధుల్లోకి వచ్చి తిరగబడ్డారు. అందుకే యాది ఆ చావును తీసుకుపోయి తాము తలెత్తిన రోజు పక్కన పెట్టుకుంది. తేదీ తప్పయింది, తప్పు వెనకనున్న అవమానం మాత్రం నికార్సైన నిజం.

దీన్నిబట్టి యుద్ధం గురించి మూడు రకాల నిజాలున్నాయని చెప్పుకోవచ్చు. ఒకటి కాగితపు నిజం: ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది. రెండోది యాది నిజం: ఆ మనిషికి ఏది మిగిలింది, ఏది జారిపోయింది. మూడోది కథ నిజం: ఆ మిగిలినదాన్ని చూడని మనకు చూసినట్టు చేయడం. ఒకటి ఉంటే మిగతావి అక్కర్లేదనుకునేవాడు కుంటివాడే. కాగితం మాత్రమే నమ్మితే కమలమ్మ బిడ్డ ఏ లెక్కలోనూ కనబడదు. నాలుగు వేలమంది చనిపోయారన్న అంకెలో బతికి ఉన్న బిడ్డకు చోటేదీ?

అలాగని కాగితాన్ని పారవేస్తే అంతకంటే ప్రమాదం. ఇందాక ఓబ్రయన్ వాదంలో ప్రమాదం ఉందన్నది ఇందుకే. హృదయానికి తగిలితే చాలు, అదే నిజం అనుకుంటే, బలమైన గొంతు ఉన్నవాడి కథే నిలుస్తుంది. మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1948 సైనికచర్య వెనువెంటనే సంస్థానంలోని ముస్లింల మీద జరిగిన హింసను పరిశీలించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేలదాకా ఉంటారని ఆ బృందం అంచనా. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రచురించలేదు. రజాకార్ల దౌర్జన్యాలు మన కథల్లో, పాటల్లో, సినిమాల్లో నిండుగా ఉన్నాయి. ఉండవలసిందే, అవి జరిగాయి. కాని రజాకారుకూ రజాకారు కాని సాయిబుకూ తేడా చూడకుండా పడిన కత్తి గురించి మన యాది చాలాకాలం నోరు మెదపలేదు. ఇక్కడ కథ కాగితానికి ముసుగైంది. అప్పుడు కాగితమే వచ్చి కథను సరిదిద్దాలి. ధర్మరాజు రథం దిగబడిన నాలుగంగుళాలు ఇలాంటి చోటే కనబడతాయి: చెప్పినంతవరకు చెప్పిన మాట నిజమే, చెప్పకుండా మింగిన సగం దగ్గరే అది అబద్ధమైంది.

కాబట్టి మంచి యుద్ధ రచనను ఎలా గుర్తుపట్టాలి? ఎంత వీరంగా ఉంది, ఎంత కన్నీరు పెట్టించింది అన్నవి సరైన కొలతలు కావు. తనవైపు మనిషికి సిగ్గు కలిగించే సంగతి ఒక్కటైనా అందులో ఉందా, ఎదుటివైపు మనిషికి ముఖం ఉందా, యుద్ధం ముగిసిన మరుసటి రోజు ఉందా అని చూడాలి. ఈ మూడూ ఉన్న రచన తేదీలు తప్పినా నమ్మదగ్గదే. ఇవి లేని రచన తేదీలన్నీ సరిగ్గా ఉన్నా అరకొరదే.

మనం చేయగలిగింది

కోటేశ్వరమ్మ 2018లో నూరేళ్ళు నిండి కన్నుమూశారు. మల్లు స్వరాజ్యం 2022 మార్చిలో వెళ్ళిపోయారు. 1948లో పద్దెనిమిదేళ్ళున్నవారు ఇవాళ ఉంటే తొంభై అయిదు దాటినట్టే. ఆ తరం నోటి నుంచి నేరుగా వినే అవకాశం మన కళ్ళముందే మూసుకుపోతోంది. వాళ్ళ పిల్లలు, మనుమలు విన్న మాటలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఆ తరువాతి సైనికులూ ఉన్నారు. 1971 యుద్ధంలో, శ్రీలంకకు 1987లో పోయిన శాంతిసేనలో, 1999 కార్గిల్‌లో పనిచేసి పింఛను మీద ఊళ్ళకు వచ్చినవాళ్ళు తెలుగు జిల్లాల్లో ఉన్నారు. ఆగస్టు పదిహేనున జెండా దగ్గర దండ వేసి, నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇస్తాం. మైకు ముందు వాళ్ళు పాల్ తండ్రికి కావలసిన మాటలే చెబుతారు. తప్పు వాళ్ళది కాదు. మనం అడిగినదే అది.

చరిత్ర, తెలుగు, ఇంగ్లీషు శాఖల విద్యార్థులు తలచుకుంటే ఇది వేరే తీరుగా చేయవచ్చు. ఇప్పుడు టేపురికార్డరు కూడా కొననక్కర్లేదు, జేబులో ఫోను చాలు. పోయి కూచోవాలి. ముందు అనుమతి అడగాలి. మాటను మన పుస్తకభాషలోకి మార్చకుండా వాళ్ళ యాసలోనే రాసుకోవాలి. ఎంతమందిని చంపారు, ఎలా గెలిచారు అని మొదలుపెడితే ఉపన్యాసం వస్తుంది. ఇంటినుంచి పోయేటప్పుడు ఏం మూట కట్టుకున్నరు, ఏం వదిలి పోయిన్రు, తిరిగొచ్చినంక ఎవరికి చెప్పుకున్నరు అని అడిగితే మాట వేరేగా వస్తుంది. ఒకచోట ఆగిపోతే తొందరపెట్టకూడదు. కంటతడి పెడితే ఫోను ఆపేసి మంచినీళ్ళు ఇవ్వాలి, ఆనాటికి లేచిరావాలి. ఆడవాళ్ళను విడిగా అడగడం మరిచిపోకూడదు. సైనికుడు లేని ఇంట్లో అన్నేళ్ళు పొలమూ పిల్లలూ చూసుకున్న భార్య కూడా ఒక యుద్ధం చేసిందే. ఆ తరువాత ఊళ్ళోకి వచ్చి పాత పేపర్లు, సర్కారు కాగితాలు తిరగేసి తేదీలు సరిచూసుకోవాలి. తేడా వస్తే పెద్దమనిషిది తప్పని గీత కొట్టెయ్యకుండా, రెండూ పక్కపక్కన రాసి, తేడా ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

ఇలా పది ఊళ్ళు తిరిగితే ఒక పరిశోధన అవుతుంది. అందులో ఒక్క మాట మనసులో దిగి నిద్రపట్టనివ్వకపోతే ఒక కథ అవుతుంది. తెలంగాణ సాయుధ పోరాట వీరవనితల మాట వినడానికి మనకు దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఆ తరువాత తుపాకి దించి వచ్చినవాళ్ళు మన మధ్యనే, కొందరు మన బస్టాండు అరుగు మీదనే, కూచొని ఉన్నారు. వాళ్ళ విషయంలో అంతకాలం పట్టనక్కర్లేదు.